తొట్టి అడుగున నీలంపువ్వు

గుల్లలత్త హోటల్లో సూపు ఎప్పుడు తయారవుతుందో గడియారం చెప్పదు. పెరట్లో ఉన్న సిమెంటు తొట్టి చెప్పాలి.

ఆ తొట్టి అడుగున ఒక పింగాణీ పలక అతికించి ఉంది. దాని మీద నీలంరంగు పువ్వు. పొద్దున్నే అత్త భర్త ఏట్లో మునిగి, అడుగు బురదలోంచి గుల్లలు ఏరుకొచ్చి తొట్టిలో పోస్తాడు. పైనుంచి బిందెలతో ఏటినీళ్ళు కుమ్మరిస్తాడు. అప్పుడు చూస్తే తొట్టినిండా చిక్కటి టీ పోసినట్టుంటుంది. పువ్వు సంగతి అటుంచి, ముంచిన చెయ్యి కూడా కనబడదు. ఆ తర్వాత మనుషులు చెయ్యాల్సిన పనంటూ ఏమీ లేదు. గుల్లలు మెల్లగా చిప్పలు విప్పుతాయి. ఒక పక్కనుంచి నీళ్ళు లోపలికి పీల్చి, ఇంకో పక్కనుంచి వదులుతాయి. చప్పుడుండదు, కదలికా ఉండదు. ఎండ పెరటిగోడ దిగేసరికల్లా నీళ్ళు తేరుకుని, అడుగున పువ్వు రేకులతో సహా కనబడుతుంది.

"పువ్వు కనబడితే కుండ ఎక్కించు." అత్తగారు పోతూపోతూ కోడలికి అప్పగించిన శాసనం ఇదొక్కటే. ఆ కోడలే ఇప్పటి గుల్లలత్త.

ఆమె ఎవరికి అత్తో ఎవరూ అడగరు. రేవు వీధిలో నిన్నగాక మొన్న మాటలు నేర్చిన పిల్లల దగ్గర్నుంచి పడవలు బాగుచేసే ముసలి మేస్త్రీ దాకా అందరికీ అత్తే. నోరు గయ్యాళిది, చెయ్యి మాత్రం ధారాళం. కొత్తగా వచ్చినవాడెవడైనా బల్ల ముందు కూర్చుని, ముక్కు చిట్లించి, "ఏటిగుల్లలా? శుభ్రమేనా?" అన్నాడంటే వాడి పని అయిపోయినట్టే. చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళి తొట్టి ముందు నిలబెడుతుంది. "పువ్వు కనబడుతోందా? నువ్వు ఇంట్లో తాగే నీళ్ళు ఇంత తేటగా ఉన్నాయా? ఉన్నాయని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పు, ఈ పూట సూపు ఊరికే పోస్తా." అలా ఊరికే పోయాల్సిన అవసరం ఆమెకి ఏనాడూ రాలేదు.

తొట్టిలో ఎప్పటికీ కుండ ఎక్కని గుల్ల ఒకటుంది. అరచెయ్యి వేళ్ళతో సహా చాపితే అంత ఉంటుంది. పైచిప్ప నల్లబడి, అంచులు అరిగి, పాత చెప్పు మడమలా అయింది. దాన్ని తాతమ్మ అంటారు. అత్తగారికి ముందు నుంచీ ఆ తొట్టిలోనే ఉంటోందట. పెద్దది నోరు తెరిస్తే దాన్ని చూసి చిన్నవి తెరుస్తాయని ఇంట్లో నమ్మకం. అత్త భర్త, ఊరంతా మునకయ్య అని పిలిచే పెద్దమనిషి, మాట తక్కువవాడే గానీ దీని మీద ఒక ముక్క మాత్రం రోజూ అనేవాడు. "ఈ ఇంట్లో నోరు తెరిచి మంచి చేసేది అదొక్కటే." అత్త గరిటె చూపించేది. అదొక ముచ్చట.

ఆశ్చర్యమేమంటే ఊరందరికీ సూపు పోసే అత్త, తను మాత్రం గుల్ల ముట్టుకోదు. పెళ్ళై వచ్చిన కొత్తలో బాగానే తినేది. ఒకటీ రెండూ కాదు, చాలా ఏళ్ళు పూటపూటా తిన్నది. పిల్లలు లేరు లేరని అందరూ అనగా అనగా కడుపు పండింది. ఆ కాన్పుతో ఏమైందో ఏమో, గుల్ల నోట్లో పెడితే కడుపులో పేగులన్నీ పైకొచ్చేవి. ఉప్పు కారం కూడా వాసనతోనే చూడటం నేర్చుకుంది. మునకయ్య ఆ రోజుల్లోనే తన గిన్నె పక్కకి తోసేశాడు. "నువ్వు తిననిది నాకు మాత్రం ఎలా దిగుతుందే?" అన్నాడు. ఆ తర్వాత ఆయనా ముట్టలేదు. గుల్లల కోసం ఏట్లో మునిగేవాడూ, వాటిని వండేదీ ఇద్దరూ వాటిని తినకపోవడం రేవు వీధికంతటికీ నవ్వులాట.

ఇంట్లో తినేది ఒక్క కూతురే. ఆ పిల్లకి పాలపళ్ళు వచ్చినప్పటి నుంచీ గుల్లలంటే ప్రాణం. స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో టైలరు. మొగుడు లారీ డ్రైవరు. అతను దూరం వెళ్ళినప్పుడల్లా మిషను భుజానేసుకుని పుట్టింటికి వచ్చేస్తుంది. ఇప్పుడు ఆరోనెల. రెండు గిన్నెల సూపు తాగి, ఆ గిన్నెలు అక్కడే వదిలేసి కుట్టుపనిలో పడిపోతుంది.

"పుల్ల తీసి పక్కన పెట్టదు. ఈ ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచీ దీని చేత్తో ఒక్క వస్తువు శుభ్రమైందా? అడగండి ఎవర్నైనా" అని అత్త గిన్నెలు తోముతూ వీధికంతా వినబడేలా అనేది.

"నేను తిని బలంగా ఉండాలన్నావు. గిన్నె కడిగితే ఆ బలం పోతుంది" అనేది కూతురు, సూదిలో దారం ఎక్కిస్తూ.

దానికి అత్త దగ్గర సిద్ధంగా ఒక గొప్ప ఉంది. "బలం గిన్నెలోంచి రాలేదే, నాలోంచి వచ్చింది. మూడేళ్ళు నిండినా పాలు వదల్లేదు ఇది. వీధిలో ఆడుకుంటూ ఆడుకుంటూ వచ్చి కొంగు లాగేది. అందుకే ఇట్లా గుండ్రాయిలా ఉంది." ఈ మాట కనీసం వారానికొకసారి ఎవరో ఒకరి చెవిన పడాల్సిందే.

ఒకరోజు కూతురు ఆసుపత్రి నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చింది. ఏం తింటున్నావని డాక్టరు అడిగిందట. గుల్లలన్నదట. ఏటి దిగువన పట్టిన గుల్లలు గర్భిణులు తినొద్దని, పరీక్షలు జరుగుతున్నాయని చెప్పిందట.

అత్త నెత్తిన పిడుగు పడలేదు, నిప్పు పడింది. "పట్టినవి అట్లాగే మింగేవాళ్ళ సంగతి చెప్పుంటుంది. మనవి తొట్టిలో తేరినవి. నువ్వు తాగు" అని ఇంకో గిన్నె పోసింది. కూతురు తాగింది. అమ్మ మీద అంత నమ్మకం మరి.

ఆ వారంలోనే ఒకామె హోటలుకి వచ్చింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, భుజాన మంచుపెట్టె. ఏటినీళ్ళు పరీక్షచేసే ల్యాబు నుంచి వచ్చానని, కొన్ని గుల్లలు కావాలని మర్యాదగానే అడిగింది. వీధివాళ్ళు అప్పటికే ఆమెకి నీళ్ళ డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు. అత్త ఆమెనీ వదల్లేదు. తిన్నగా పెరట్లోకి తీసుకెళ్ళింది. అప్పుడే కొత్త గుల్లలు పడ్డాయి. నీళ్ళు బురదబురదగా ఉన్నాయి.

"టీ తాగుతూ కూర్చోండి డాక్టరమ్మా. పువ్వు కనబడ్డాక మాట్లాడుకుందాం."

వాదిస్తుందేమో, నాలుగు దులుపుదామని అత్త నడుం బిగించింది. డాక్టరమ్మ వాదించలేదు. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా తొట్టి పక్కన గొంతుక్కూర్చుని అలా చూస్తూనే ఉండిపోయింది. పైనుంచి మొదలై నీళ్ళు పొరపొరగా తేటపడుతున్నాయి. ముందు తాతమ్మ వీపు తేలింది, తర్వాత చిన్నవాటి అంచులు, ఆ తర్వాత ఎక్కడో లోతున ఒక నీలపు మరక. అది రేకులుగా విడివడి పువ్వయింది. చదువుకున్న మనిషి, రోజూ చేసే పనే ఇది. అయినా ముక్కున వేలేసుకుని కూర్చుంది. అత్తకి ఆమె మీద ఉన్న కోపం సగం అక్కడే పోయింది.

"ఎంత గొప్పగా ఉందో అత్తా. నేను ఎన్ని పుస్తకాల్లో చదివినా ఇంత అందంగా ఎప్పుడూ చూడలేదు" అంది డాక్టరమ్మ. తర్వాత మెల్లగా అడిగింది. "మరి ఆ మురికంతా ఎక్కడికి పోయింది?"

అత్త తొట్టిలోకి వంగింది. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న తొట్టి. నీళ్ళలో ఉన్నది ఇప్పుడు లేదు. తొట్టికి చిల్లు లేదు. ఎవరూ తోడిపోయ్యలేదు.

గోడవారగా వల ఆరేసుకుంటున్న మునకయ్య తల తిప్పకుండానే అన్నాడు. "అందరూ శాకాహారులే, రొయ్యలబుట్ట మాత్రం మాయం."

"కొంత మురికి ఉమ్మేస్తాయి. అడుగున బంకలా పేరుకునేది అదే" అంది డాక్టరమ్మ. "మిగతాది వాటి ఒంట్లోనే ఉంటుంది. నీళ్ళు ఎంత తేటపడితే, వీటిలోకి అంత చేరినట్టు లెక్క."

అత్త తొట్టి వంక చూసింది. పువ్వు కనబడితే గుల్ల శుభ్రమైందని ఇన్నాళ్ళూ అనుకుంది. పువ్వు కనబడిందంటే మురికి తినడం పూర్తయిందని అర్థమా? అంటే ఇల్లు ఊడ్చిన చీపురుని కడగకుండా తెచ్చి వంటలో వేసుకున్నట్టా? ఈ మాట పైకి అనలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆమె. "తేలేదాకా చూద్దాం. తొట్టిలోవి కొన్ని, తొట్టిలో వెయ్యనివి కొన్ని ఇస్తాను. తేడా ఉంటుంది, చూసుకోండి" అని రెండు సంచుల్లో పోసి ఇచ్చింది. తాతమ్మని చంపనని మాట తీసుకుని, దాన్ని కూడా తడిగుడ్డలో చుట్టి తనే ఒళ్ళో పెట్టుకుని ల్యాబుకి వెళ్ళింది.

ల్యాబు ఆమె అనుకున్నట్టు లేదు. గోడలవెంట ఫ్రిజ్‌లు గుర్రుపెడుతున్నాయి. ఒక బల్ల మీద అచ్చం తన వంటింట్లో ఉన్నట్టే మిక్సీ ఉంది. డాక్టరమ్మ గుల్లల మాంసం తీసి, దాన్లో వేసి రుబ్బుతుంటే అత్త ఊరుకోలేకపోయింది. "ఉప్పేస్తే బాగుండేది" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ ముద్ద పరీక్ష అవడానికి వారాలు పడుతుందని చెప్పి, ఈలోగా చూడమంటూ డాక్టరమ్మ ఒక గుల్ల మొప్పలోంచి గోరంత ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. అత్త ఒక కన్ను మూసి, రెండోది గాజుకి ఆనించింది. మొదట ఏమీ కనబడలేదు. తర్వాత ఒక్కసారిగా కనబడింది. వెంట్రుకలు. లెక్కపెట్టలేనన్ని సన్నటి వెంట్రుకలు, వరసలు వరసలుగా, ఒకదాని వెనక ఒకటి వంగుతూ లేస్తూ ఉన్నాయి. గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతున్నాయి. కోసేసిన ముక్క అది. దానికి తల లేదు, ఒళ్ళు లేదు, ఉన్నానో పోయానో తెలియదు. అయినా పని ఆపలేదు. గాజుపలక మీదున్న చుక్క నీటినే అటునుంచి ఇటు తోస్తోంది.

"ఎందుకింకా చేస్తోంది?" అంది అత్త గొంతు తగ్గించి. నిద్రపోతున్న పిల్లల దగ్గర మాట్లాడినట్టు మాట్లాడింది.

"దానికి వచ్చింది అదొక్కటే అత్తా. ప్రాణం ఉన్నంతసేపూ కడుగుతూనే ఉంటుంది."

ఆ తర్వాత తాతమ్మ చిప్ప మీద గీతలు చూపించింది. ఏడాదికో గీత పడుతుందట. చలి రోజుల్లో ఎదుగుదల ఆగితే నల్లగీత, మళ్ళీ నీళ్ళు వెచ్చబడితే తెల్లటి జాగా. అత్త అంచు నుంచి మొదలుపెట్టి గోటితో వెనక్కి వెనక్కి వెళ్ళింది. ఈ గీత దగ్గర కూతురి పెళ్ళి. ఈ గీతకి కూతురు పుట్టింది. ఇదిగో ఇక్కడ తను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. గోరు ఇంకా చిప్పకి సగంలోనే ఉంది. మిగతా సగమంతా తను ఎరగని మనుషుల ఏళ్ళు. నోట్లో నాలుక లేని ఈ జీవం ఇన్ని తరాల నీళ్ళు వడపోసిందా? తను దాన్ని తొట్టిలో పడున్న రాయిలా చూసింది.

పరీక్ష ఫలితం వచ్చినప్పుడు తేడా ఏమీ లేదు. తొట్టిలో వేసినవీ వెయ్యనివీ ఒకటే. ఇసుక పోయింది, బురద వాసన పోయింది. పోవాల్సింది మాత్రం పోలేదు.

అదేమిటో డాక్టరమ్మ విడమరచి చెప్పింది. ఏటికి ఎగువన, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే పెద్ద షెడ్డు ఒకటుండేది. అత్త పెళ్ళికి ముందే మూతపడింది. ఇప్పుడు మొండిగోడలే. ఆ యంత్రాల్లో పోసే నూనె మట్టిలోకి దిగి, ఏటి అడుగుకి చేరి, అక్కడే ఉంది. "మంట అంటుకోకూడదు, ఎండకి చెడకూడదు, ఏళ్ళు గడిచినా మారకూడదు అని మనిషి కోరి చేసుకున్న నూనె అత్తా. చెప్పినమాట తు.చ. తప్పకుండా వింటోంది. కాలదు, కుళ్ళదు, నీళ్ళలో కరగదు. అందుకే నీళ్ళు పరీక్ష చేస్తే బాగానే ఉన్నాయని వస్తుంది. అది కొవ్వు వెతుక్కుంటుంది. బురదలోంచి గుల్లలోకి, గుల్లలోంచి తిన్నవాళ్ళలోకి. ఒకటి రెండుసార్లు తింటే ఏం కాదు. ఏళ్ళ తరబడి తింటే కాలేయానికి మంచిది కాదు, ఇంకా జబ్బులున్నాయి. అన్నిటికన్నా భయం కడుపులో బిడ్డ గురించి. మెదడు ఎదిగే వయసు కదా."

షెడ్డు పోయింది, అందులో పనిచేసినవాళ్ళు పోయారు, వాళ్ళ పేర్లు కూడా పోయాయి. నూనె మాత్రం అలాగే ఉంది. చావంటే తెలియని వస్తువుని చెయ్యగలిగిన మనుషుల తెలివికి అబ్బురపడాలో, తిట్టాలో అత్తకి పాలుపోలేదు. తిట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. అయినా ఆ రోజు తిట్టు రాలేదు.

ఇంటికి రాగానే కుండ బోర్లించింది. ఎవరేమన్నా మళ్ళీ ఎత్తలేదు. "ఈ రోజు నుంచి గుడ్లూ, కూరగాయల సూపూ. గుల్లలు కావాలంటే నన్నే వండుకోండి" అని బల్లల ముందు కూర్చున్నవాళ్ళకి చెప్పేసింది. సగంమంది లేచి వెళ్ళిపోయారు. వెళ్ళనీ అంది. ఆమె ప్రాణమంతా కూతురి కడుపు చుట్టూనే తిరుగుతోంది. డాక్టరు వద్దన్న రోజున కూడా తనే ఇంకో గిన్నె పోసింది. ఆ గిన్నె రోజూ కళ్ళముందు కనబడేది.

తిన్నవాళ్ళ రక్తం కూడా చూస్తామంటే ముగ్గురూ వెళ్ళి ఇచ్చారు. ఫలితాలు వచ్చాయని కబురు రాగానే అత్త ఒక్కతే పరుగున వెళ్ళింది. కూతురికి కుట్టుపని ఉంది. మునకయ్య ఏట్లో ఉన్నాడు. డాక్టరమ్మ కోసం అక్కడక్కడా బుట్టల్లో గుల్లలు వేలాడదీసి, నెలనెలా పరీక్షకి తీసిచ్చే పని ఇప్పుడు ఆయనది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాగి కూర్చుంది. "ముందు అమ్మాయి సంగతి చెబుతాను. ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది. భయపడాల్సినంత కాదు, వదిలేయాల్సినంత తక్కువా కాదు. మానేసింది కాబట్టి ఇక పెరగదు. బిడ్డ పుట్టాక ఆసుపత్రి వాళ్ళు ఎదుగుదల కనిపెట్టి చూస్తుంటారు."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "మా ఆయనది?"

"మామయ్యకీ ఎక్కువగానే ఉంది. తినడం మానేసి ఇన్నేళ్ళయినా ఇంకా ఉంది. అది అంత తేలిగ్గా వదలదు. ఇక నీది..." డాక్టరమ్మ కాగితం తిప్పింది. "నీలో చాలా తక్కువ అత్తా. ఆయనలో ఉన్నదాంట్లో పిసరంత."

అత్త ముఖం వెలిగింది. ఎన్నాళ్ళకో ఒక మంచిమాట. "చూశావా మరి. మా అత్తగారు ఎప్పుడూ అనేది, నా ఒంటికి ఏదీ అంటదని. తొట్టిలో పువ్వు సంగతి ఎట్లా ఉన్నా, నా అడుగున పువ్వు కనబడిందన్నమాట" అని నవ్వింది. ఆ నవ్వుకి తోడు నవ్వు రాలేదు. డాక్టరమ్మ బల్ల మీదున్న సీసా మూత తీస్తూ, పెడుతూ ఉంది.

"నువ్వూ మామయ్యా ఒకే కుండలోది తిన్నారు కదూ?"

"కుండేమిటి, ఒకే కంచంలో తిన్నాం."

"ఇద్దరూ ఒకేసారి మానేశారు."

"నేను మానేసిన వారంలోనే ఆయనా. పిచ్చి మనిషి." అత్త ఇంకా నవ్వుతూనే ఉంది. "మరైతే ఆయనలోది అట్లాగే ఉండి, నాలోది ఎక్కడికి పోయింది?"

అడిగేశాక తన మాట తనకే వినబడింది. తొట్టి పక్కన గొంతుక్కూర్చుని ఈమె అడిగిన మాట అదే. తొట్టికి చిల్లు లేదు. ఎవరూ తోడిపోయ్యలేదు.

"అమ్మాయికి పాలు ఎన్నాళ్ళిచ్చావత్తా?" అంది డాక్టరమ్మ, ఆమె వంక చూడకుండా.

వారానికోసారి ఎవరో ఒకరికి చెప్పే గొప్ప, అలవాటు ప్రకారం నాలుక చివరిదాకా వచ్చేసింది. మూడేళ్ళు నిండినా. ఆడుకుంటూ ఆడుకుంటూ వచ్చి. కొంగు లాగేది. అత్త ఆ మాటని మింగలేకా కక్కలేకా కూర్చుంది. ఫ్రిజ్‌లు గుర్రుపెడుతూనే ఉన్నాయి.

"కొవ్వులో దాక్కుంటుందని చెప్పాను కదా" అంది డాక్టరమ్మ. "తల్లి ఒంట్లోంచి కొంత కడుపులో ఉండగానే బిడ్డకి చేరుతుంది, మిగతాది పోవడానికి పాలని మించిన దారి లేదు. మొదటి బిడ్డకే ఎక్కువ పోతుంది. అమ్మాయిలో ఉన్నదాంట్లో నీ నుంచి వచ్చింది ఎంతో, గిన్నెలోంచి వచ్చింది ఎంతో ఇప్పుడు ఎవరూ విడదీసి చెప్పలేరు. నువ్వు తప్పు చెయ్యలేదత్తా. పాలిచ్చావు, అంతే. ఆ పాలతోనే అమ్మాయి బతికి బట్టకట్టింది. రేపు అమ్మాయిని కూడా పాలివ్వమనే అంటారు డాక్టర్లు. చెడుకన్నా మంచే చాలా ఎక్కువ కాబట్టి."

అత్త తలూపింది. లేచింది. ఏటిగట్టు వెంబడి ఇంటికి నడిచింది. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు గానీ ఆమెకి వినబడలేదు. కడుపులో దుఃఖం ఉంది. దాన్ని తోసుకుంటూ ఇంకోటేదో ఉంది. దానికి ఏం పేరు పెట్టాలో తెలియలేదు. గాజు కింద వంగుతూ లేస్తూ ఉన్న ఆ వెంట్రుకలే మాటిమాటికీ గుర్తొస్తున్నాయి. పాలు తాగుతూ పైటచెంగుతో ఆడుకున్న పిడికెడంత పిల్ల. కళ్ళు మూసుకుని, బుగ్గలు లాగుతూ, రోజూ, మూడేళ్ళపాటు, అమ్మ ఒంట్లోని విషాన్ని గుటక గుటకగా తోడేసింది. తల్లికి తెలియదు, పిల్లకి తెలియదు. తను పాలు పోసి పెంచుతున్నాననుకుంది. అది తనని కడుగుతోంది. లోకంలో ఇటువంటి పని కూడా ఒకటి జరుగుతూ ఉంటుందని ఇన్నేళ్ళు బతికినా ఎవరూ చెప్పలేదే అనుకుంది.

పెరట్లో కూతురు తొట్టిగట్టు మీద కూర్చుని గుండీలు కుడుతోంది. తొట్టిలో తాతమ్మ ఒక్కటే ఉంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. పక్కనే తిన్న గిన్నె, ఎప్పట్లాగే ఎండిపోయి ఉంది. అత్త ఆ గిన్నె తీసుకుని, కుళాయి దగ్గర కూర్చుని, మారుమాట లేకుండా తోమింది.

కూతురు సూది ఆపింది. "ఏమ్మా, తిట్టవేం? ఒంట్లో బాగాలేదా? ఫలితం ఏమొచ్చింది?"

అత్త చెప్పింది. గిన్నె తోముతూనే, వెనక్కి తిరక్కుండా, ముందు బిడ్డ సంగతి, తర్వాత నాన్న సంగతి చెప్పింది. తన సంగతి దగ్గరికి వచ్చేసరికి తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. తర్వాత మొత్తం చెప్పేసింది. పాల సంగతి కూడా దాచలేదు. చెప్పడం అయిపోయాక కుళాయి కట్టేసింది.

అత్తకి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు.

"అయితే అమ్మా" అంది కూతురు. "నీ తొట్టిలో తాతమ్మని నేనా?"

అత్త తిరిగి చూసింది. కూతురి కళ్ళు నిండి ఉన్నాయి. పెదాలు మాత్రం నవ్వు ఆపుకుంటున్నాయి.

"మూడేళ్ళు నీ లోపలంతా తోమానన్నమాట. ఇంక ఈ జన్మలో నేను ఒక్క వస్తువు శుభ్రం చెయ్యలేదని అన్నావో, చూడు."

అత్త నవ్వబోయింది. అది ఏడుపయింది. తడిచేతులతోనే వెళ్ళి కూతురి తల పొట్టకి అదుముకుంది. "అననే. ఇంకెప్పుడూ అనను. నీ గిన్నెలు నా ఊపిరున్నంతకాలం నేనే తోముతాను" అంది. ఇద్దరూ అలాగే కాసేపు నవ్వో ఏడుపో తెలియకుండా ఉండిపోయారు. తొట్టిలో తాతమ్మ తన పని తను చేసుకుంటోంది. చిప్పల సందులో సన్నటి తెల్లని అంచు వణుకుతోంది.

కూతురు ముందు తేరుకుంది. కుట్టుబట్ట తీసి ఒళ్ళో పెట్టుకోబోయి, చెయ్యి పొట్ట మీద ఆగింది. అత్త ఆ చెయ్యి ఆగడం చూసింది. కూతురికి ఏం తట్టిందో ఆమెకీ అదే క్షణంలో తట్టింది. మొదటి బిడ్డకే ఎక్కువ పోతుంది. తన నీళ్ళు కూతురు తేర్చింది. మరి కూతురి నీళ్ళు?

కూతురు తన పొట్టవంక చూసుకుంటూ ఉంది. అమ్మ తన వంక ఎలా చూసిందో అలాగే చూస్తోంది. అందులో భయం ఉంది. భయాన్ని మించిన వింత ఇంకోటి ఉంది. ఇంకా పేరు కూడా పెట్టని ప్రాణి లోపల ఎక్కడో తనకోసం పనిచేస్తోందని తెలిసిన వింత అది.

"డాక్టరమ్మ ఏమందంటే, చూస్తూ ఉంటారంట, పాలు మానొద్దంట" అని అత్త గబగబా మొదలుపెట్టింది.

"సరేనమ్మా. నాకొక్క మాటివ్వు." కూతురి గొంతు నిలకడగానే ఉంది. "ఇది పుట్టాక దీనికి మాత్రం ఇంట్లో ఒక్క పనీ చెప్పకు. గిన్నె తియ్యమని, చీపురు పట్టమని అనొద్దు. చెయ్యాల్సిందంతా ఇప్పుడే చేసేసి వస్తోంది."

చెప్పనంది అత్త.